నాలుగు క్యాన్లా, ఒక్క క్యానా?

బావ ఉండేది కోవెంట్రీలో, కార్ల కంపెనీలో ఇంజనీరు. బామ్మర్ది ఉండేది రెడింగ్‌లో, సాఫ్ట్‌వేరు ఉద్యోగం. బామ్మర్ది ఈమధ్య పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్ ఒకటి కొన్నాడు, డీజిల్ బండి. పోర్ట్స్‌మత్‌లో ఫెర్రీ ఎక్కి స్పెయిన్‌లో దిగి, ఆ దేశమంతా నిలువునా దాటి, జిబ్రాల్టర్ జలసంధి అవతల మొరాకో చేరాలని అతని కోరిక. అక్కడ దక్షిణాన జాగోరా నుంచి మ్హమీద్, మ్హమీద్ నుంచి చెగాగా ఇసుక తిన్నెల పక్కగా, ఎండిపోయిన ఇరికీ సరస్సు అడుగు మీదుగా ఫూమ్ జ్గీద్. బ్రిటన్ నుంచి సొంత బండిలో వెళ్ళేవాళ్ళకు బాగా తెలిసిన దారే. వెళ్ళడం గురించి ఇద్దరికీ పేచీ లేదు. పేచీ అంతా డీజిల్ దగ్గర వచ్చింది. ఎడారి ప్రయాణంలో బతుకూ చావూ తేలేది ఈ లెక్క దగ్గరేనని నేను నమ్ముతాను కాబట్టి వాళ్ళ వాదన ఇక్కడ పెడుతున్నాను.

బామ్మర్ది: బావగారూ, నాలుగు జెర్రీక్యాన్లు చూసి పెట్టుకున్నాను, ఒక్కోటి 20 లీటర్లు. ట్యాంకులో 75, టాపు మీద 80. మొత్తం 155 లీటర్లు. ఇంక దేనికీ వెతుక్కోనక్కర్లేదు.

బావ: లీటర్లు చెప్పావు. దూరం చెప్పు.

బామ్మర్ది: బండి 27 ఇస్తోంది.

బావ: 27 ఏమిటి?

బామ్మర్ది: గ్యాలన్‌కి 27 మైళ్ళు.

బావ: ఏ గ్యాలను? ఇక్కడి గ్యాలన్ 4.546 లీటర్లు, అమెరికా గ్యాలన్ 3.785. నువ్వు రాత్రిళ్ళు కూర్చుని చూసే వీడియోల్లో సగం అమెరికావాళ్ళవి. వాళ్ళు 27 అన్నారంటే మన లెక్కలో 32 దాటినట్టు. పైగా ఇక్కడ బంకులో లీటర్లు పోస్తారు, రోడ్డు మీద బోర్డులు మైళ్ళు చెప్తాయి, మొరాకో మ్యాపు కిలోమీటర్లలో ఉంటుంది. ఎండలో, అలిసిపోయి, దారి సరిగ్గా తెలియక బెంగపడుతున్నప్పుడు ఈ మూడింటినీ కలిపి లెక్క కట్టలేవు. ఇంట్లో ఉండగానే మన ఊళ్ళో అడిగినట్టు మార్చుకో: లీటరుకి ఎన్ని కిలోమీటర్లు? 27 అంటే తొమ్మిదిన్నర.

బామ్మర్ది: సరే, తొమ్మిదిన్నర. 155 లీటర్లకి 1,470 కిలోమీటర్లు. నేను ఎడారి వైపు నడిపేది మొత్తం 240. ఆరింతలు ఉన్నట్టేగా!

బావ: ఆ తొమ్మిదిన్నర ఎం4 మోటార్‌వే మీద వచ్చింది. రాళ్ళబాటలో సెకండ్ గేరు, థర్డ్ గేరు మధ్య నలుగుతూ పోతే ఏడు అనుకో. మెత్తటి ఇసుకలో లో రేంజ్ వేసి ఇంజన్ అరుస్తుంటే నాలుగు అనుకో. ఇవి నా అంచనాలు. నీ బండివి నువ్వే కొలుచుకోవాలి. ట్యాంకు నోటిదాకా కొట్టించు, నడుపు, మళ్ళీ అదే పంపు దగ్గర నోటిదాకా కొట్టించి, పట్టిన లీటర్లతో దూరాన్ని భాగించు. గేజి ముల్లుని మాత్రం నమ్మకు. బండి ఏటవాలుగా నిలబడితే అదీ వాలుతుంది.

బామ్మర్ది: ఇసుకలో మైలేజీ కొలవడానికి వేల్స్ వెళ్తాను. పోర్త్‌మడాగ్ దగ్గర బ్లాక్ రాక్ శాండ్స్‌లో బీచి మీదికి కార్లు పోనిస్తారు.

బావ: అది తడి ఇసుక. కెరటం వెనక్కి వెళ్ళిన చోట టైరు అచ్చు పడుతుందే గాని దిగబడదు. ఎండిన తిన్నెలో ప్రతి అడుగుకీ టైరు తన ముందున్న ఇసుకని తోసుకుంటూ, తన గుంతలోంచి తనే ఎక్కుతూ పోవాలి. బ్లాక్ రాక్ అంకె పట్టుకుని మొరాకో వెళ్తే లేనిపోని ధైర్యం వస్తుంది.

బామ్మర్ది: మరి నేననేదీ అదే! మెత్తటి ఇసుక ఎంత తాగుతుందో ఇక్కడ కూర్చుని ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు ఎక్కువ పెట్టుకోవడమే మేలు. డోర్నాల దగ్గర ట్యాంకు ఫుల్ చేయించకుండా మా నాన్న ఒక్కసారైనా శ్రీశైలం ఘాట్ ఎక్కారా?

బావ: ఎక్కలేదు, మంచి పని చేశారు. అయితే మావయ్యగారు ట్యాంకు నింపారే కాని టాపు మీద నాలుగు డబ్బాలు కట్టలేదు. లీటరు డీజిల్ 840 గ్రాములు. 80 లీటర్లు 67 కిలోలు, ఇనప క్యాన్ల బరువు కలిపితే 83 దాకా తేలుతుంది. ఆ బరువంతా నీ తల కన్నా ఎత్తులో ఉంటుంది. తిన్నె పక్కవాలులో బండి ఒరిగిందంటే దాన్ని పడదోసేది ఆ 83 కిలోలే. ఇంకోటి కూడా ఉంది. మోసుకెళ్ళే ఇంధనాన్ని మోయడానికీ ఇంధనం కావాలి. ఇది ఈ దేశంలో 1,200 ఏళ్ళనాడే లెక్క కట్టిన సంగతి.

బామ్మర్ది: 1,200 ఏళ్ళనాడు డీజిల్ ఎక్కడిది?

బావ: డీజిల్ లేదు, ఒంటె ఉంది. యార్క్ నగరంలో ఆల్క్విన్ అనే పండితుడు ఉండేవాడు. ఆయన పేరిట చెప్పే లెక్కల సంపుటంలో ఒక లెక్క ఇది: ఒక యజమాని 90 కొలతల ధాన్యాన్ని 30 లీగుల దూరం చేరవెయ్యాలి. ఉన్నది ఒక్క ఒంటె. అది ఒకసారికి 30 కొలతలు మోస్తుంది, బరువుతో నడిచిన ప్రతి లీగుకీ ఒక కొలత తినేస్తుంది. చివరికి ఎంత మిగులుతుంది? ఆపకుండా ఒకే నడకలో వెళ్తే మోసిందంతా అదే తినేస్తుంది, గింజ కూడా మిగలదు. అందుకని ఆల్క్విన్ 20 లీగుల దగ్గర మజిలీ పెట్టాడు. మూడు విడతల్లో అక్కడికి పోగైనది 30 కొలతలు. అక్కణ్ణించి గమ్యానికి 20. రెండు చోట్ల మజిలీ పెట్టి, మొదటిది 10 లీగుల దగ్గర, రెండోది 25 దగ్గర వేస్తే 25 కొలతలు దక్కుతాయి. కూర్చుని వేసి చూడు.

బామ్మర్ది: బాగుంది. నాకేం పనికొస్తుంది?

బావ: 1947లో ఫైన్ అనే గణితవేత్త దీన్నే జీపుకి పెట్టి తేల్చాడు. ఒక ట్యాంకుతో వెళ్ళే దూరాన్ని ఒకటి అనుకో. దారిలో నువ్వే కుప్పలు పెట్టుకుంటూ వెళ్తే, రెండో ట్యాంకు నీకు అదనంగా ఇచ్చేది మూడో వంతే. మూడో ట్యాంకు ఐదో వంతు, నాలుగోది ఏడో వంతు. దూరం రెట్టింపు కావాలంటే ఎనిమిది ట్యాంకులు తగలెయ్యాలి. అదీ ఒకవైపు ప్రయాణానికే. ఇంధనం పెంచినకొద్దీ దూరం దాంతోపాటు పెరగదు.

బామ్మర్ది: అది వెనక్కీ ముందుకీ తిరిగే జీపు సంగతి బావగారూ. నేను ఒక్కసారే వెళ్తున్నాను, అన్నీ ఒకేసారి మోసుకుని. రెండు టన్నుల బండి మీద 83 కిలోలు పెరిగినంత మాత్రాన మైలేజీ ఎంత పడిపోతుంది? చెప్పండి.

బావ: పెద్దగా పడిపోదు. ఒప్పుకుంటాను. నా అభ్యంతరం ఎత్తులో ఉన్న బరువు మీదే.

బామ్మర్ది: అంతేగా! అసలు మీరు మెచ్చుకునే ఆ బ్రిటిష్ సైనికాధికారి బాగ్నోల్డ్ చేసిందేమిటి? మోసుకెళ్ళడమే. 1940లో కైరోలో ఆయన ఎడారిలో గస్తీ తిరిగే లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ అనే దళాన్ని మొదలుపెట్టినప్పుడు ఒకటిన్నర టన్నుల షెవర్లే ట్రక్కుల మీద రెండు టన్నుల దాకా ఎక్కించారు. స్ప్రింగులకి అదనపు పట్టీలు వేసి, వెడల్పు టైర్లు బిగించి, 1,100 మైళ్ళు ఎవరి మీదా ఆధారపడకుండా తిరిగేలా చేశారు. ఆ దళానికి చెందిన ట్రక్కు ఒకటి లండన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం వాళ్ళ దగ్గర ఉంది. లిబియా ఎడారిలో వదిలేసింది దశాబ్దాల తర్వాత దొరికితే తుప్పుతో సహా అలాగే ఉంచారు. ఆ ట్రక్కు నా పక్షం.

బావ: ఎక్కించినవి చెప్పావు, తీసేసినవి చెప్పలేదు. తలుపులు పీకేశారు, ముందు అద్దాలు పీకేశారు, టాపు పీకేశారు. బాగ్నోల్డ్ ఆ పని 1940లో కొత్తగా నేర్చుకున్నాడా? సైన్యంలో ఉద్యోగం చేస్తూ సెలవుల్లో సొంత ఖర్చుతో, స్నేహితులతో ఫోర్డు కార్లేసుకుని లిబియా ఎడారిలోకి వెళ్ళేవాడు. 1930లో, అందరూ కార్లు దాటలేవన్న మహా ఇసుక సముద్రంలోకి దిగాడు. టైర్లలో గాలి తగ్గిస్తే బండి ఇసుక మీద తేలినట్టు పోతుందనీ, దిగబడితే కింద పెట్టడానికి ఇనప రేకులు చాలనీ, రేడియేటర్లోంచి పోయే ఆవిరిని డబ్బాలోకి పట్టి మళ్ళీ నీళ్ళుగా వాడుకోవచ్చనీ ఆ ప్రయాణాల్లో పట్టుకున్నవే. రాయల్ జాగ్రఫికల్ సొసైటీ ఆయనకి బంగారు పతకం ఇచ్చింది ఊరికే కాదు. తర్వాత ఇసుక గాలికి ఎలా కదులుతుందో శాస్త్రం రాసి రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. ఆయన దగ్గర నువ్వు నేర్చుకోవాల్సింది టైరు వాల్వు విప్పడం. 35 ఉన్న గాలిని 18కి దించావంటే టైరు ఒత్తుకుని నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది, ఇసుకలో తక్కువ దిగుతుంది, ఇంజన్ తక్కువ పీకుతుంది. డబ్బాలో మోసే డీజిల్ కన్నా అలా మిగిలే డీజిల్ మంచిది. దానికి బరువు లేదు.

బామ్మర్ది: గాలి తగ్గిస్తాను, కంప్రెసరూ తీసుకెళ్తాను. కానీ బాగ్నోల్డ్ మనుషులు దారిలో కుప్పలు కూడా పెట్టుకున్నారు. 1940 సెప్టెంబరులో తొలి గస్తీలు వెళ్ళేటప్పుడు ఇసుక సముద్రం అవతలికి ముందే పెట్రోల్ చేరవేశారు. ఎందుకు? మిగులు ఉండాలని.

బావ: ఎందులో చేరవేశారు?

బామ్మర్ది: రేకు డబ్బాల్లో.

బావ: నాలుగు గ్యాలన్ల పల్చటి రేకు డబ్బాలు. ట్రక్కులో కుదుపుకి అతుకులు విడిపోయేవి. బయల్దేరిన చోటుకీ వాడే చోటుకీ మధ్య 30 శాతం పెట్రోల్ పోతోందని ఆఖిన్‌లెక్ లాంటి సేనానే అంచనా కట్టాడు. పది డబ్బాలు ఎక్కిస్తే మూడు నేలపాలు. కాగితం మీద ఉన్న ఇంధనానికీ ఇంజన్లోకి వెళ్ళే ఇంధనానికీ అంత తేడా.

బామ్మర్ది: అందుకేగా జర్మన్ డబ్బాలు దొరికినప్పుడు బ్రిటిష్‌వాళ్ళు వాటిని వదల్లేదు, చివరికి అలాంటివే తయారుచేసుకున్నారు! నేను కొంటున్నదీ అదే డబ్బా. రెండు రేకులు ఒత్తి మధ్యలో వెల్డింగు చేసిన ఒంటి అతుకు. పైన మూడు పిడులు, మధ్యది పట్టుకుని ఒకడు మొయ్యొచ్చు, చెరో పక్కదీ పట్టుకుని ఇద్దరు మొయ్యొచ్చు. పిడుల కింద గాలికి ఖాళీ. 1937 నాటి నమూనా ఇవాళ్టికీ మారలేదు. కారే డబ్బా పేరు చెప్పి కారని డబ్బాని కొట్టేయకండి.

బావ: ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. డబ్బా మంచిదే. కానీ మూతలో రబ్బరు వాషర్ చూసుకో. వాషర్ అంటే స్కాట్ గుర్తొస్తాడు.

బామ్మర్ది: దక్షిణ ధ్రువానికి వెళ్ళిన స్కాటా? అది మంచు కదా.

బావ: అంటార్కిటికా కూడా ఎడారే, వానా మంచూ కొత్తగా పడేది బహు తక్కువ. 1912లో తిరుగు ప్రయాణంలో మజిలీ తర్వాత మజిలీలో నూనె డబ్బాలు తీసి చూస్తే, ఉండాల్సిన దానికన్నా తక్కువుంది. తోలు వాషర్లు ఆ చలికి బిగుతు తప్పి నూనె ఆవిరైపోయింది. నూనె లేకపోతే మంచు కరగదు, మంచు కరక్కపోతే తాగడానికి నీళ్ళు లేవు. అముండ్‌సెన్ తన డబ్బాల మూతలకి టంకం వేయించాడు. స్కాట్ బృందంలో చివరికి మిగిలిన ముగ్గురూ గుడారంలోనే ప్రాణాలు వదిలారు. తిండీ నూనే ఉన్న వన్ టన్ డిపో అక్కణ్ణించి 11 మైళ్ళు. ముందు ఏడాది ఆ డిపోని పెట్టినప్పుడు అనుకున్న చోటుకి 30 మైళ్ళ ఇవతలే ఆపేశారు.

బామ్మర్ది: అదీ నా పక్షమే అవుతుంది బావగారూ. ఎక్కడో పెట్టినదాన్ని నమ్ముకున్నారు, పోయారు. చేతిలో ఉన్నదే మనది.

బావ: చేతిలో ఎంత ఉందో ముందుకి వెళ్ళేటప్పుడే వెనక్కి రావడానికి లెక్క కట్టుకోలేదని నేనంటాను.

ఇక్కడ నా మాటొకటి చెప్పాలి. స్కాట్ కథని ఇద్దరూ తమవైపే లాక్కున్నారు. నాకు మాత్రం బావ చెప్పిందే సత్యానికి దగ్గరగా అనిపిస్తుంది. ఆ డబ్బాలు పెట్టినవాళ్ళు చాలినంతే పెట్టారు. చాలినంత ఉండటం వేరు, కొంత పోయినా చాలేటంత ఉండటం వేరు. ఇంధనం గురించి రాసే చాలామంది ఎంత మొయ్యాలన్న దగ్గరే ఆగిపోతారు. ఎక్కడ వెనక్కి తిరగాలన్నది ఎవరూ చెప్పరు. బావ ఆ తర్వాత కాగితం తీసి వేసిన లెక్కని అందుకే పూర్తిగా ఇస్తున్నాను.

బావ: జాగోరా నుంచి మ్హమీద్‌కి తారు రోడ్డు, 95 కిలోమీటర్లు. తొమ్మిదిన్నర చొప్పున 10 లీటర్లు. మ్హమీద్ నుంచి ఫూమ్ జ్గీద్‌కి బాట మీద 145. అందులో 115 గట్టి నేల, ఏడు చొప్పున పదహారున్నర. 30 మెత్తటి ఇసుక, నాలుగు చొప్పున ఏడున్నర. మొత్తం 34 లీటర్లు. నీ 75 లీటర్ల ట్యాంకులో అడుగున ఐదు పంపుకి అందవనుకో, 70 నీవి. అంటే సగం ట్యాంకుతో దాటేస్తావు.

బామ్మర్ది: దాటేస్తే దాటేస్తాను. దాటకపోతే?

బావ: ఆ ప్రశ్న కోసమే చూస్తున్నాను. ఫూమ్ జ్గీద్ ఇంకో రెండు కిలోమీటర్లు ఉందనగా దారి మూసుకుపోయిందనుకో. ఏదో వాగు కోసేసింది, లేదా సైనికులు ఆపేశారు. పక్కకి పోవడానికి లేదు, అల్జీరియా సరిహద్దు 1994 నుంచి మూసే ఉంది. వచ్చిన దారినే జాగోరాకి తిరిగిరావాలి. 34, 34, మొత్తం 68. దిగబడటానికీ, దారి తప్పడానికీ, ఎదురుగాలికీ, తిన్నె పక్కనుంచి చుట్టూ తిరగడానికీ ఇంకో పావు వంతు, 17. మొత్తం 85. ట్యాంకులో ఉన్నది 70. తక్కువ 15.

బామ్మర్ది: అంటే క్యాను కావాలి!

బావ: ఒక్కటి కావాలి. 20 లీటర్లది.

బామ్మర్ది: మీరు పావు అన్నారు, నేను సగం అంటాను. అప్పుడు రెండవుతాయి.

బావ: నువ్వు సగం అంటే 102 అవుతుంది, రెండు పెట్టుకో, నేను కాదనను. కానీ ఎందుకు సగమో చెప్పు. చోటుంది కాబట్టి, భయంగా ఉంది కాబట్టి అంటే కుదరదు. నీకు ఇసుకలో నడిపిన అనుభవం లేదు కాబట్టి సగం కావాలంటే, ఆ అనుభవం ముందు సంపాదించు. ఆ రెండో క్యాను చోటులో నీళ్ళు పెట్టుకో. 1941 జనవరిలో బాగ్నోల్డ్ దళంలో మూర్ అనే సైనికుడి సంగతి నీకు తెలుసు. శత్రువు దాడిలో ట్రక్కులు కాలిపోయాక నలుగురు మిగిలారు. రెండు గ్యాలన్లు కూడా లేని నీళ్ళతో 200 మైళ్ళ పైన నడిచారు, పది రోజులు. బండి పోయాక డీజిల్ ఎంత ఉన్నా గొంతులో పోసుకోలేవు.

బామ్మర్ది: నీళ్ళ విషయం ఒప్పుకుంటున్నాను. ఒక్క క్యానే తీసుకెళ్తాను. కానీ ఒకటి అడుగుతాను. ఆ క్యాను కూడా లేదనుకోండి, ఎక్కడ తిరగమంటారు?

బావ: ఖర్చు మీద పావు వంతు మిగులు ఉండాలంటే, 70లో ఖర్చు పెట్టుకోదగ్గది 56. వెళ్ళడానికి 28, రావడానికి 28. మ్హమీద్ దగ్గరే 10 అయిపోయాయి. బాట ఎక్కాక 18 లీటర్లు కాలేసరికి, ఎక్కడున్నా సరే, తిరిగిపో.

బామ్మర్ది: అంటే ఫూమ్ జ్గీద్ 30, 40 కిలోమీటర్లు ఉందనగా! దగ్గరికొచ్చి వెనక్కి తిరుగుతారా ఎవరైనా?

బావ: తిరిగినవాళ్ళు మళ్ళీ వెళ్ళారు. నువ్వు బాధపడకుండా తిరగలేవని నాకూ తెలుసు. అందుకే ఆ అంకె అప్పటికప్పుడు అనుకోకూడదంటాను. క్యాను ఉన్నా అంతే, అంకె మారుతుంది కాని అంకె లేకుండా పోదు. రెడింగ్‌లో బయల్దేరే ముందే కాగితం మీద రాసి స్టీరింగు పక్కన అంటించు. పక్క సీట్లో ఉన్నవాళ్ళకి ఆ అంకె చదివి ఆపమనే హక్కు ఇవ్వు. రేపు ఏదైనా అయితే మీ అక్కకి నేనేం చెప్పుకోవాలి?

బామ్మర్ది: రాసి అంటిస్తాను. క్యాను ఇక్కడే నింపుకుని వెళ్ళనా?

బావ: వద్దు. నిండు డబ్బాల్ని ఫెర్రీలవాళ్ళు మామూలుగా ఒప్పుకోరు. ఖాళీది తీసుకెళ్ళి జాగోరాలో నింపు. నోటిదాకా పొయ్యకు. తెల్లారగట్ల చల్లగా ఉన్నప్పుడు పోసిన 20 లీటర్లు, మధ్యాహ్నానికి 35 డిగ్రీలు వేడెక్కితే అరలీటరు పైనే పొంగుతుంది. మూత నెమ్మదిగా, మొహం పక్కకి తిప్పుకుని తియ్యి. గరాటులో జాలీ ఉండాలి, ఇసుక పడితే ఇంజెక్టర్లు పోతాయి. క్యాను టాపు మీద వద్దు, లోపల వెనక యాక్సిల్‌కి ముందు పట్టీలతో బిగించి కట్టు. ట్యాంకు సగానికి రాగానే క్యాను అందులో పోసెయ్, చివరిదాకా దాచుకోకు. చివర్లో డబ్బా కారిపోయిందని తెలిస్తే చేసేదేం లేదు.

బామ్మర్ది: ఇవన్నీ సరే. మీరింకా మూతి ముడుచుకునే ఉన్నారు.

బావ: ఒక్క బండితో వెళ్తున్నావు. బాగ్నోల్డ్ ఎప్పుడూ ఒక్క కారుతో వెళ్ళలేదు. నీ డీజిల్ పైపు తెగితే ట్యాంకులో 70 ఉన్నా క్యానులో 20 ఉన్నా ఒకటే. రెండో బండి ఉంటేనే ఈ లెక్కలన్నీ లెక్కలు. లేకపోతే ఇరికీ సరస్సు వైపు వెళ్ళకు, మ్హమీద్ చూసుకుని తారు రోడ్డు మీద తిరిగొచ్చెయ్. ఇందులో మాత్రం నేను తగ్గను.

బామ్మర్ది: రెండో బండి ఇక్కణ్ణించి ఎవరూ రావట్లేదు. నేను మానుకోనూ మానుకోను. మ్హమీద్‌లో గైడ్లు సొంత బండ్లతో దొరుకుతారంటున్నారు. ఒకాయన్ని మాట్లాడుకుంటాను, ముందు ఆయన బండి, వెనక నేను.

బావ: ఆయన ట్యాంకు ఎంతో, ఇసుకలో ఎంత ఇస్తుందో అడుగు. ఆయన బండి డీజిలా పెట్రోలా? ముందు అది కనుక్కో. పెట్రోల్ అయితే నీ క్యాను ఆయనకి పనికిరాదు, ఆయనది నీకు పనికిరాదు.